బ్యాకప్ డ్రైవ్‌లోనే ఇంటి ఫైళ్లూ పెట్టుకోవాలంటే

రౌటర్ పక్కన ఉండే ఆ చిన్న పెట్టెను, అంటే నెట్‌వర్క్ డ్రైవ్‌ను, కొనేది ల్యాప్‌టాప్‌ల బ్యాకప్ కోసమే. నాలుగు టెరాబైట్లలో బ్యాకప్ తినేది ఏ ఒకటో. మిగతాదంతా ఖాళీగా పడుంది కదా అని పెళ్లి వీడియోలు, పిల్లల ఫోటోలు, పొలం కాగితాల స్కాన్లు అందులోకి తోసేస్తాం. అంతవరకు ఇబ్బందేమీ లేదు. తోసేశాక, ల్యాప్‌టాప్‌లో చోటు కావాలని అక్కడున్నవి చెరిపేస్తాం చూడండి, తిప్పలు అక్కడ మొదలవుతాయి. ఆ క్షణం నుంచి ఆ ఫైలుకు ఉన్న ఒకే ఒక్క కాపీ ఆ పెట్టెలోది. పేరుకు అది బ్యాకప్ డ్రైవే, ఆ ఫైలుకు మాత్రం బ్యాకప్ లేదు.

కాబట్టి పెట్టెను రెండు పనులకూ వాడాలంటే రెండు జాగ్రత్తలు తప్పవు. బ్యాకప్‌కు, ఇంటి ఫైళ్లకు చోటు విడివిడిగా పంచాలి. ఇంటి ఫైళ్లకు ఇంకో కాపీ ఇంకోచోట ఉంచాలి. ఇక్కడ ఉదాహరణకు రెండు డిస్కుల నెట్‌వర్క్ డ్రైవ్‌ను తీసుకున్నాం. రెండూ 4 టీబీవి, ఒకదానికొకటి అద్దంలా పెట్టినవి, అంటే ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ పడుతుంది. ఇంట్లో ఒక మ్యాక్, రెండు విండోస్ ల్యాప్‌టాప్‌లు, నాలుగు ఫోన్లు ఉన్నాయనుకుందాం.

ముందు చోటు పంచండి

4 టీబీ డిస్కు పెడితే విండోస్‌లో కనిపించేది 3.63 మాత్రమే. షాపువాడు మోసం చేయలేదు. డిస్కు కంపెనీలు వెయ్యితో లెక్కేస్తాయి, విండోస్ 1024తో లెక్కేస్తుంది. అద్దంలా పెట్టిన రెండు డిస్కులు కలిపినా వాడుకునేది ఆ 3.63 టీబీయే.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు ఒక గుణముంది. ఖాళీ ఎంత కనిపిస్తే అంతా తనదే అనుకుంటుంది. మ్యాక్‌లోని టైమ్ మెషీన్ గత 24 గంటలకు గంటకొకటి, గత నెలకు రోజుకొకటి, అంతకు ముందువి వారానికొకటి చొప్పున కాపీలు దాస్తుంది. చోటు నిండాకే పాతవి తీసేయడం మొదలుపెడుతుంది. విండోస్ ఫైల్ హిస్టరీ మామూలు సెట్టింగ్‌లో ఏ పాత కాపీనీ ఎప్పటికీ తీసేయదు. వీటిని వాటి మానాన వదిలేస్తే రెండేళ్లలో పెట్టె నిండుతుంది, ఫోటోలు పెట్టబోతే చోటు లేదంటుంది. దీనికి ఎదురు కూడా జరుగుతుంది. ఫోటోలు, వీడియోలు చోటంతా ఆక్రమిస్తే టైమ్ మెషీన్ పాత కాపీలను ఒక్కొక్కటిగా తీసేసుకుంటూ పోయి, చివరికి నిన్నా మొన్నటివే మిగులుతాయి. మూడు నెలల కిందట పొరపాటున చెరిపిన ఫైలు కావాలంటే దొరకదు.

అందుకే ఒక్కో ఫోల్డర్‌కు కోటా పెట్టాలి. మ్యాక్ బ్యాకప్‌కు దాని డిస్కు సైజుకు రెట్టింపు ఇస్తే చాలు: 512 జీబీ మ్యాక్‌కు 1 టీబీ. విండోస్ ల్యాప్‌టాప్‌లు రెండింటికీ కలిపి 600 జీబీ, ఇంటి ఫైళ్లకు 1.4 టీబీ. మిగిలిన 600 జీబీని ఎవరికీ పంచకండి. డిస్కు అంచుదాకా నిండితే పెట్టె నత్తనడక నడుస్తుంది, కింద చెప్పబోయే స్నాప్‌షాట్లకూ (ఫోల్డర్ ఒక క్షణంలో ఎలా ఉందో అలాగే పెట్టె దాచుకునే రూపాలు) ఆ ఖాళీయే ఆధారం.

సైనాలజీ కంపెనీ పెట్టెల్లో ఫోల్డర్‌కు కోటా పెట్టాలంటే వాల్యూమ్ (డిస్కుల్లో ఫైళ్లకు కేటాయించిన చోటు) బీటీఆర్ఎఫ్ఎస్ (Btrfs) ఫార్మాట్‌లో ఉండాలి. ఎక్స్‌ట్4 (ext4) ఫార్మాట్‌లో యూజర్‌కు మాత్రమే కోటా పెట్టనిస్తుంది. అప్పుడు మ్యాక్ బ్యాకప్‌కంటూ ఒక యూజర్‌ను సృష్టించి, ఆ యూజర్‌కు 1 టీబీ కోటా పెడితే పని అయిపోతుంది. ఒకే డిస్కుతో వచ్చే చవక పెట్టెలు కొన్నింటిలో కోటా అన్న మాటే ఉండదు. అలాంటప్పుడు హద్దు కంప్యూటర్ వైపు నుంచి పెట్టాలి. మ్యాక్‌ఓఎస్ వెంచురా మొదలుకొని, టైమ్ మెషీన్‌కు కొత్త డిస్కు చేర్చేటప్పుడు ఎంత చోటు వాడాలో అడుగుతుంది. అక్కడే అంకె ఇచ్చేయండి. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిచి, ఫైల్ హిస్టరీలో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కు వెళ్లి, పాత కాపీలు ఎన్నాళ్లు ఉంచాలన్నచోట 'ఎప్పటికీ' తీసేసి ఏడాది పెట్టండి.

బ్యాకప్ ఫోల్డర్‌లో మీ ఫైళ్లు పెట్టకండి, ఇంటి ఫోల్డర్‌లోకి బ్యాకప్ రానివ్వకండి. టైమ్ మెషీన్ ఒక్కోసారి పాత బ్యాకప్ పాడైందని, మొదటినుంచి కొత్తది మొదలుపెట్టాలని చెబుతుంది. అప్పుడు ఆ ఫోల్డర్‌ను ఖాళీ చేయడమే సులువైన దారి. అందులోనే ఒక మూల అమ్మాయి ఓణీల ఫంక్షన్ వీడియో ఉందని ఆ తొందరలో ఎవరికి గుర్తుంటుంది?

యూజర్లు, పాస్‌వర్డ్‌లు, 1219 గొడవ

ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక యూజర్, బ్యాకప్‌కు వేరే యూజర్ ఉండాలి. అడ్మిన్ యూజర్‌ను సెట్టింగ్‌లు మార్చడానికి తప్ప వాడకండి. ఇంటి కాగితాల ఫోల్డర్‌ను అందరూ చూడొచ్చు, మార్చేది మాత్రం ఒకరిద్దరే. పిల్లల యూజర్‌కు చదివే అనుమతి చాలు. మధ్యాహ్నం ఖాళీగా ఉన్న పదేళ్ల పిల్లాడు ఫోల్డర్లు సర్దేస్తే ఆ సర్దుడు నెట్‌వర్క్‌లో అందరికీ వర్తిస్తుంది.

పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా తెరుచుకునేలా పెట్టడం పాత అలవాటు. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అనే అప్‌డేట్ వచ్చాక అది పనిచేయడం లేదు. నిన్నటిదాకా తెరుచుకున్న ఫోల్డర్ అప్‌డేట్ తర్వాత తెరుచుకోకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. విండోస్‌లో పాత సెట్టింగ్ తిరిగి తెచ్చుకోవడానికి గంటలు తగలేయకండి, పెట్టెలో యూజర్ సృష్టించి పాస్‌వర్డ్ పెట్టండి.

ఇంకో చిక్కు చాలామందిని ఏడిపిస్తుంది. విండోస్ ఒకే సర్వర్‌కు ఒకేసారి రెండు యూజర్ పేర్లతో కలవనివ్వదు. ఇంటి ఫోల్డర్‌ను మీ పేరుతో తెరిచి, బ్యాకప్ ఫోల్డర్‌ను బ్యాకప్ యూజర్‌తో తెరవబోతే 1219 నంబర్ ఎర్రర్ వస్తుంది. పాస్‌వర్డ్ తప్పేమో అని పదిసార్లు కొట్టి చూస్తాం. పాస్‌వర్డ్ తప్పేమీ కాదు. ఒక ఫోల్డర్‌ను \\192.168.1.50 అని ఐపీతోను, రెండోదాన్ని పెట్టె పేరుతోను తెరవండి. విండోస్ దృష్టిలో అవి రెండు వేర్వేరు సర్వర్లు, గొడవ తీరిపోతుంది. ఐపీ మారిపోకుండా రౌటర్ సెట్టింగ్‌లో ఆ పెట్టెకు ఒక అంకెను రిజర్వ్ చేయడం మాత్రం మరిచిపోవద్దు. లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది కొత్త అంకెతో లేచే అవకాశముంది.

వేరే యూజర్ ఉంటే చాలు, ఫైళ్లకు తాళమేసి డబ్బు అడిగే వైరస్‌లు బ్యాకప్‌ను ముట్టుకోలేవని కొందరు ధైర్యం చెబుతారు. అది సగం నిజమే. విండోస్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్, ఆ విండోస్‌లో చొరబడ్డ వైరస్‌కూ అందుతుంది. అసలు రక్షణ స్నాప్‌షాట్లు. అవి పెట్టె లోపల తీసేవి, ల్యాప్‌టాప్ నుంచి చెరిపేవి కావు. ఇంటి ఫోల్డర్‌కు రోజుకొకటి తీసి 30 ఉంచితే, మొన్నటి రూపంలోకి వెనక్కి వెళ్లడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఫోల్డర్‌కు రీసైకిల్ బిన్ కూడా ఆన్ చేయండి. నెట్‌వర్క్‌లో చెరిపిన ఫైలు ల్యాప్‌టాప్‌లోని రీసైకిల్ బిన్‌లోకి రాదు, నేరుగా మాయమవుతుంది.

తీగలో నాలుగు వైర్లా, ఎనిమిదా?

పెట్టె స్లోగా ఉందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి పెట్టెతో సంబంధం ఉండదు. 300 జీబీ ఫోటోలు పంపాలనుకోండి. గిగాబిట్ తీగ మీద సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది, ముప్పావుగంట పని. 100 ఎంబీపీఎస్ తీగ మీద 11 దాటదు, ఏడున్నర గంటలు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో గోడల అవతల 5 వచ్చినా గొప్పే, పదహారు గంటలకు పైమాటే.

గిగాబిట్ రావాలంటే కేబుల్‌లోని ఎనిమిది వైర్లూ కనెక్టర్‌లో సరిగా కూర్చోవాలి. చాలా ఇళ్లలో నెట్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు నాలుగే క్రింప్ చేసి పోతాడు. ఇంటర్నెట్‌కు అది సరిపోతుంది కాబట్టి ఎవరికీ తెలియదు. కనెక్టర్‌ను వెలుతురులో పట్టుకుని చూడండి. పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ లోపల రంగురంగుల వైర్లు ఎనిమిదీ చివరిదాకా, ఇత్తడి పళ్ల కిందికి వచ్చి ఉండాలి. 1, 2, 3, 6 చోట్ల మాత్రమే వైర్లు ఉండి మిగతావి ఖాళీగా ఉంటే దొంగ దొరికినట్టే. విండోస్‌లో ఈథర్నెట్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 100/100 అని చూపిస్తున్నా ఇదే అర్థం. క్యాట్-5ఈ లేదా క్యాట్-6 రెడీమేడ్ కేబుల్ మూడు మీటర్లది కొనుక్కోండి. తీగ మార్చాక కూడా 100 దగ్గరే ఆగితే రౌటర్ పోర్టు చూడాలి. ఫైబర్ కంపెనీలు ఇచ్చే పెట్టెలు కొన్నింటిలో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100వి.

మొదటి బ్యాకప్, మొదటి ఫోటోల తరలింపు తీగ మీదే చేయండి. తర్వాత రోజువారీ పనికి 5 గిగాహెర్ట్జ్ వైఫై చాలు.

తెలుగులో పేర్లు పెడితే

ఫోల్డర్లకు, ఫైళ్లకు తెలుగు పేర్లు నిక్షేపంగా పెట్టుకోవచ్చు. ఒక్క హద్దు తెలుసుకోవాలి. ఈ పెట్టెల్లో వాడే ఎక్స్‌ట్4, బీటీఆర్ఎఫ్ఎస్‌లలో ఫైలు పేరు 255 బైట్లు మించకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు. గుర్తు అంటే మనం పలికే అక్షరం అనుకోకండి, గుణింతం ఒకటి, పొల్లు ఒకటి, ఒత్తు హల్లు ఇంకొకటి. 'షష్టిపూర్తి' మనకు నాలుగక్షరాలు. కంప్యూటర్‌కు ష, ష, పొల్లు, ట, గుడి, ప, కొమ్ముదీర్ఘం, ర, పొల్లు, త, గుడి: మొత్తం పదకొండు గుర్తులు, 33 బైట్లు. అంటే పేరులో 85 గుర్తులు దాటితే, విండోస్‌లో హాయిగా ఉన్న ఫైలు పెట్టెలోకి రానంటుంది. కాపీ మధ్యలో ఆగిపోయి, కారణం చెప్పని ఎర్రర్ వస్తే పొడుగు పేరున్న ఫైలు కోసం వెతకండి. సైనాలజీలో ఫోల్డర్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తే ఈ హద్దు 143 బైట్లకు, అంటే 47 తెలుగు గుర్తులకు పడిపోతుంది.

పేరు ముందు తేదీని 2019-02-14 అన్న వరసలో రాస్తే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో సర్దుకుంటాయి. మ్యాక్‌లో పెట్టే పేర్లలో కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తులు వాడకండి, విండోస్ వాటిని ఒప్పుకోదు.

ఏవి పెట్టకూడదు

ఒకసారి పెట్టి అప్పుడప్పుడు చూసుకునేవాటికి ఈ పెట్టె బాగుంటుంది: ఫోటోలు, వీడియోలు, పట్టాదారు పాసు పుస్తకం, రిజిస్ట్రేషన్ దస్తావేజులు, ఈసీ, మార్కుల మెమోల స్కాన్లు, పాటలు. తెరిచి ఉంచి క్షణక్షణం రాస్తుండేవాటికి పనికిరాదు. ఔట్‌లుక్ మెయిళ్లు దాచుకునే పీఎస్‌టీ ఫైలును నెట్‌వర్క్ మీద నుంచి వాడొద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది. ఆపిల్ ఫోటోస్ లైబ్రరీ కూడా అంతే. ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ క్లాసిక్ అయితే నెట్‌వర్క్‌లో ఉన్న తన క్యాటలాగ్‌ను అసలు తెరవదు. వైఫై ఒక్క సెకను తెగితే ఇలాంటి డేటాబేస్‌లు సగం రాసి ఆగిపోతాయి. అసలును ల్యాప్‌టాప్‌లోనే ఉంచుకుని, మూసేశాక దాని కాపీని పెట్టెలోకి పంపండి.

ఆధార్, పాన్, బ్యాంకు కాగితాల స్కాన్లను 7-జిప్‌లో ఏఈఎస్-256 పాస్‌వర్డ్‌తో మూటకట్టి పెట్టండి. డిస్కు రిపేరుకో, వారంటీకో పంపాల్సివస్తే అప్పుడు నిద్రపడుతుంది.

తరలించే పద్ధతి

కట్-పేస్ట్ చేయకండి. నెట్‌వర్క్ మీద కట్-పేస్ట్ మధ్యలో తెగితే ఏ ఫైలు ఎటుందో తేల్చుకోవడానికి ఒక పూట పోతుంది. కాపీ చేయండి, ఫోల్డర్ మీద రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు రెండుచోట్లా సరిపోల్చండి. టెరాకాపీలాంటి ప్రోగ్రాంలో వెరిఫై ఆన్ చేస్తే అదే ఫైలుఫైలునూ సరిచూస్తుంది. అన్నీ సరిపోయినా ల్యాప్‌టాప్‌లోవి అప్పుడే చెరపకండి. రెండో కాపీ తయారయ్యేదాకా ఆగండి.

ఫోన్ల సంగతీ అంతే. పెట్టె కంపెనీ ఇచ్చే యాప్ ఫోటోలను తనే పంపేస్తుంది. అందులో 'ఫోన్‌లో చోటు ఖాళీ చేయి' అని ఊరించే బటన్ ఒకటుంటుంది. ఐఫోన్‌లో 4కే వీడియో 30 ఫ్రేమ్‌లతో తీస్తే నిమిషానికి 170 ఎంబీ దాకా అవుతుంది, ఫోన్ నిండిపోయి చెయ్యి దానిమీదికే పోతుంది. రెండో కాపీ లేకుండా దాన్ని నొక్కకండి.

రెండో కాపీ

రెండు డిస్కులు అద్దంలా ఉన్నాయిగా, అదే రెండో కాపీ కాదా? కాదు. ఒకదాంట్లో చెరిపింది రెండోదాంట్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. ఒక డిస్కు చచ్చిపోతే ఇల్లు ఆగకుండా చూడడమే దాని పని. పిడుగుకు, దొంగకు, పొరపాటుకు అది అడ్డం కాదు.

2 టీబీ యూఎస్‌బీ డిస్కులు రెండు కొనండి. బ్యాకప్ ఫోల్డర్లను వదిలేసి, ఇంటి ఫోల్డర్‌ను మాత్రమే వాటిలోకి కాపీ చేయాలి. బ్యాకప్‌లకు అసలు ల్యాప్‌టాప్‌లలో ఎలాగూ ఉంది. ఒక డిస్కు పెట్టె వెనక యూఎస్‌బీ పోర్టుకు తగిలించి, వారానికోసారి కాపీ అయ్యేలా షెడ్యూల్ పెట్టండి. రెండోది అక్కవాళ్ల ఇంట్లోనో, బ్యాంకు లాకర్‌లోనో ఉండాలి. రెండు నెలలకోసారి మార్చుకోండి.

ఆ డిస్కు ఫార్మాట్ విషయంలో ఆలోచించండి. పెట్టె కాలిపోయిన రోజున దాన్ని నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ఫైళ్లు కనిపించాలి. ఎక్స్‌ట్4లో ఉంటే విండోస్‌కు, మ్యాక్‌కు కనిపించవు. ఎన్‌టీఎఫ్ఎస్ అయితే విండోస్ రాస్తుంది, మ్యాక్ చదువుతుంది. ఎక్స్‌ఫ్యాట్ రెండింటికీ పనికొస్తుంది. ఫ్యాట్32 మాత్రం వద్దు, 4 జీబీ దాటిన ఒక్క ఫైలును కూడా తీసుకోదు, పెళ్లి వీడియోలన్నీ బయటే ఉండిపోతాయి. కొన్ని బ్యాకప్ యాప్‌లు ఫైళ్లను తమ సొంత మూటగా కడతాయి, విప్పాలంటే మళ్లీ ఆ యాపే కావాలి. ఇంటి ఫోటోలకు మామూలు ఫైళ్లుగా ఉండే కాపీయే మేలు.

కరెంటు, ఎండ

టైమ్ మెషీన్ బ్యాకప్ పాడయ్యేది ఎక్కువగా కాపీ జరుగుతుండగా కరెంటు పోయినప్పుడే. 600 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టి, పెట్టెను, రౌటర్‌ను రెండింటినీ దానికే తగిలించండి. పెట్టె బతికి రౌటర్ పోతే ఫలితం అదే. యూఎస్‌బీ తీగ ఉన్న యూపీఎస్ అయితే బ్యాటరీ అయిపోయే ముందు పెట్టెకు చెప్పి పద్ధతిగా మూయిస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద ఉండే స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో మారే ఆ రెప్పపాటులో పెట్టె రీస్టార్ట్ కావొచ్చు. రోజంతా నడిచినా 20 వాట్ల పెట్టెకు నెలకు 14, 15 యూనిట్లు ఖర్చవుతాయి, అంతే.

అటక మీద, మూసిన బీరువాలో, ఫ్రిజ్ మీద పెట్టకండి. రామగుండంలోనో, విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం గదే 40 డిగ్రీలు ఉంటే లోపలి డిస్కు 50 దాటుతుంది. వెనక ఫ్యాన్‌కు జానెడు ఖాళీ వదలండి, మూడు నెలలకోసారి దుమ్ము ఊదండి. పెట్టె సెట్టింగ్‌లలో డిస్కు ఆరోగ్యం పేజీ ఉంటుంది. రీఅలోకేటెడ్ సెక్టర్లు, పెండింగ్ సెక్టర్లు (డిస్కులో పాడైన, అనుమానమున్న చోట్ల లెక్క) అన్నచోట సున్నా ఉండాలి. అంకె కనిపించి, వారం వారం పెరుగుతుంటే కొత్త డిస్కు తెప్పించండి. కొనేటప్పుడు సీఎంఆర్ డిస్కేనా (రాత వరుసలు ఒకదానిమీదొకటి ఎక్కని రకం) అని అడగండి. వరుసలు ఒకదానిమీదొకటి ఎక్కే ఎస్ఎంఆర్ రకం డిస్కులు అద్దాన్ని తిరిగి కట్టేటప్పుడు బాగా మొండికేస్తాయి. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్ఎంఆర్‌వని బయటపడి పెద్ద రగడ అయింది. ఇప్పుడు రెడ్ ప్లస్, సీగేట్ ఐరన్‌వుల్ఫ్ సీఎంఆర్‌లే.

ఊరి బయటి నుంచి చూడాలంటే

డాలస్‌లో ఉన్న కొడుకు గుంటూరు ఇంట్లోని ఫోటోలు చూడాలంటాడు. రౌటర్‌లో పోర్టు తెరిచి పెట్టెను ఇంటర్నెట్‌కు చూపించకండి. 2021 జూన్‌లో ఇంటర్నెట్‌కు తగిలి ఉన్న వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ డ్రైవ్‌లను ఎవరో దూరం నుంచే ఫ్యాక్టరీ రీసెట్ చేసేశారు, జనం పొద్దున్నే లేచి చూస్తే ఖాళీ డిస్కులు. అదే ఏడాది ఏప్రిల్‌లో క్యూలాకర్ అనే వైరస్ క్యూనాప్ కంపెనీ పెట్టెల్లోని ఫైళ్లను 7-జిప్ పాస్‌వర్డ్‌లతో తాళమేసి డబ్బు అడిగింది. పైగా మన దగ్గర చాలా కనెక్షన్లలో ఒకే పబ్లిక్ ఐపీని అనేక ఇళ్లు పంచుకుంటాయి కాబట్టి పోర్టు తెరిచినా పనిచేయదు. టెయిల్‌స్కేల్‌లాంటి వీపీఎన్‌ను (ఇంటర్నెట్ మీదుగా సొంత రహస్య దారి వేసే యాప్) పెట్టెలోనూ, అబ్బాయి ఫోన్‌లోనూ వేస్తే పోర్టు తెరవకుండానే పని జరుగుతుంది.

పాత టైమ్ క్యాప్సూల్ ఉంటే

రౌటర్, బ్యాకప్ డిస్కు ఒకేదాంట్లో పెట్టి 2008 నుంచి 2018 దాకా ఆపిల్ అమ్మిన ఈ పెట్టెలు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో నడుస్తున్నాయి. నెట్‌వర్క్‌లో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి వాటికి తెలిసినవి ఏఎఫ్‌పీ, ఎస్ఎంబీ1 అనే పాత భాషలే. మొదటిదాన్ని ఆపిలే వదిలించుకుంటోంది. రెండోది 2017 చివరి నుంచి విండోస్‌లో మామూలుగా రాదు, దాన్ని బలవంతంగా ఆన్ చేస్తే వానాక్రై వైరస్ దూరిన తలుపును మళ్లీ తెరిచినట్టే. పైగా అందులో డిస్కు చెరిపితే బ్యాకప్, ఇంటి ఫైళ్లు అన్నీ కలిసి పోతాయి. మీ ఫైళ్లు అందులో ఉంటే తీగ తగిలించి ఈ వారమే బయటికి కాపీ చేసుకోండి.

ఇవన్నీ పెట్టాక నెలకోసారి ఐదు నిమిషాల పని మిగులుతుంది. యూఎస్‌బీ డిస్కును విప్పి ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఏదో ఒక ఏడాది ఫోల్డర్‌లో ఒక వీడియో, ఒక ఫోటో, ఒక పీడీఎఫ్ తెరిచి చూడండి. టైమ్ మెషీన్ నుంచి, ఫైల్ హిస్టరీ నుంచి కూడా ఒక్కో పాత ఫైలును డెస్క్‌టాప్ మీదికి తెప్పించి తెరవండి. తెరుచుకోకపోతే షెడ్యూల్ ఎప్పుడు ఆగిందో పెట్టెలోని లాగ్ చెబుతుంది. ఎక్కువసార్లు కనిపించే కారణం ఒకటే, ఎవరో పాస్‌వర్డ్ మార్చి బ్యాకప్‌కు కొత్తది ఇవ్వలేదు.